పొగను కంటితో తూచలేం

పొగ ప్రమాదకరమైనదా కాదా అని తేల్చుకోవడానికి మనం వాడే కొలతలు రెండే: కన్ను, ముక్కు. నల్లగా, దట్టంగా, ఘాటైన వాసనతో ఉంటే అది చెడ్డ పొగ అనీ, పలచగా, తెల్లగా, వాసన పెద్దగా లేకుండా ఉంటే దానివల్ల వచ్చే నష్టమేమీ లేదనీ అనుకుంటాం. టైరు కాలుతుంటే ముక్కు మూసుకుని దూరంగా జరిగే మనిషే, ఎండుటాకుల కుప్ప రగులుతున్నప్పుడు దాని పక్కన నిలబడి అరగంట కబుర్లు చెప్పగలడు. అతని మొదటి జాగ్రత్త సరైనదే. రెండోసారి చూపిన ధీమాకు మాత్రం ఏ ఆధారమూ లేదు. పొగలో మనిషికి హాని చేసే భాగం చాలావరకు కంటికి కనిపించదు, ముక్కుకు అందదు. అందుకే దేన్ని కాల్చామన్న ఒక్క ప్రశ్నతో పొగను మంచి చెడ్డలుగా విడదీసే అలవాటును వదులుకోవాలనీ, ఎంత అసంపూర్తిగా కాలింది, ఎంత దగ్గరగా కాలింది, ఎంతకాలం పీల్చాం అన్న ప్రశ్నలను కూడా దాని పక్కన నిలబెట్టాలనీ నా వాదన.

ఈ విషయం మీద నాకు పట్టుదల కలగడానికి కారణం ఉంది. నాకు చాలా దగ్గరైన ఒకరు జీవితంలో ఒక్క సిగరెట్టు కూడా ముట్టకుండానే, శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే సీఓపీడీ జబ్బు బారిన పడ్డారు. పొగ తాగనివారికి ఈ జబ్బేమిటని మేమందరం ఆశ్చర్యపోతుంటే, వైద్యుడు మాత్రం ఆమె ఎన్నేళ్లు నిప్పు దగ్గర పనిచేశారని అడిగారు. ఆ ప్రశ్న నన్ను చదివించింది. చదివేకొద్దీ నాకు అర్థమైందేమిటంటే, పొగ గురించి వైద్యులకూ వాతావరణ శాస్త్రజ్ఞులకూ దశాబ్దాలుగా తెలిసిన విషయాలు ఇళ్లలోకి రానేలేదు.

మొదట పొగ ఎలా పుడుతుందో చూద్దాం, ఎందుకంటే మిగతా వాదనంతా దానిమీదే ఆధారపడి ఉంది. కట్టె, కాగితం, ప్లాస్టిక్ వంటివి చాలావరకు నేరుగా మండవు. వేడి తగిలినప్పుడు వాటిలోని పెద్ద అణువులు ముక్కలై ఆవిరులుగా బయటికి వస్తాయి. మంటగా మనకు కనిపించేది ఆ ఆవిరులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండటమే. వేడి, ఆక్సిజన్, ఆవిరులు ఆక్సిజన్‌తో బాగా కలవడానికి తగినంత సమయం దొరికితే చివరికి మిగిలేవి దాదాపుగా కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మాత్రమే. ఆ మూడింటిలో ఏది తక్కువైనా పని సగంలో ఆగిపోతుంది. సగం విరిగిన అణువులూ, సగం మండిన కార్బనూ, విషవాయువైన కార్బన్ మోనాక్సైడూ కలిసి బయటపడతాయి. పొగ అంటే పూర్తికాని దహనం. బహిరంగంగా వేసే మంటల్లో దహనం ఎప్పుడూ పూర్తిగా జరగదు, కాబట్టి పొగ రాని బహిరంగ మంట అంటూ ఏదీ లేదు.

పొగలోని రేణువులు రెండు దారుల్లో పుడతాయి. మొదటి దారి మంట లోపల ఉంది. ఆక్సిజన్ చాలని చోట కార్బన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతూ, 10 నుంచి 50 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) వ్యాసం గల గుండ్రటి రేణువులుగా మారతాయి. అవి మళ్లీ ఒకదానితో ఒకటి ఢీకొని గొలుసులుగా, గుత్తులుగా కూడుకుంటాయి. ఇదే మసి. మంటకు పసుపు రంగునిచ్చేది కూడా ఆ వేడికి వెలుగుతున్న మసి రేణువులే. అవి పూర్తిగా కాలకముందే మంట చల్లబడితే నల్లటి పొగగా పైకి లేస్తాయి. రెండో దారి మంట లేని చోట ఉంది. తడిసిన కట్టె, ఆకుల కుప్ప, ఆరిపోతున్న చితుకులు కుమ్ముగా రగులుతున్నప్పుడు బయటికొచ్చే ఆవిరులను మండించడానికి అక్కడ మంటే ఉండదు. ఆ ఆవిరులు కొంచెం పైకి లేచి చల్లబడగానే సన్నని తారు బిందువులుగా పేరుకుంటాయి. తెల్లగా, మెత్తగా, అమాయకంగా కనిపించే పొగ ఇదే. నిప్పు లేనిదే పొగ రాదని అంటాం గాని, మంట తగ్గి నిప్పు నివురు కప్పుకున్నప్పుడే పొగ పెరుగుతుంది. ఒక కిలో కట్టె భగభగ మండినప్పటి కంటే, అదే కిలో కట్టె మంట లేకుండా రగిలినప్పుడు వెలువడే సన్నని రేణువులూ కార్బన్ మోనాక్సైడూ సాధారణంగా ఎక్కువ.

అందువల్ల రంగును చూసి హానిని అంచనా వేయడం కుదరదు. పొగ రంగు ప్రధానంగా రేణువుల పరిమాణానికీ, వెలుతురుతో వాటికున్న సంబంధానికీ సంబంధించిన విషయం. కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంతకంటే బాగా చిన్న రేణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి ఆ పొగ నీలిగా కనిపిస్తుంది. ఆ తరంగాలతో సమానమైనవీ వాటికంటే పెద్దవీ అయిన బిందువులు అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి కాబట్టి పొగ తెల్లగా ఉంటుంది. మసి కాంతిని పీల్చేసుకుంటుంది కాబట్టి నల్లగా ఉంటుంది. సిగరెట్టు కొసనుంచి లేచే పొగ నీలిగానూ, అదే పొగను పీల్చి వదిలినప్పుడు తెల్లగానూ కనిపించడానికి కారణం, ఊపిరితిత్తుల్లోని తేమను పీల్చుకుని రేణువులు ఉబ్బడమే. రంగు మారింది గాని విషం తగ్గలేదు. ఇక పొగ గాలిలో కలిసి పలచబడి, కంటికి ఆనకుండా పోయిన తర్వాత కూడా రేణువులు అక్కడే ఉంటాయి. పొగ పోయిందని మనం అనుకునే క్షణానికీ, అది నిజంగా పోయే క్షణానికీ మధ్య చాలా గంటలు ఉండవచ్చు.

పరిమాణం గురించి కాస్త నిలిచి చెప్పాలి, ఎందుకంటే హాని అంతా ఇక్కడే మొదలవుతుంది. తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. గాలి నాణ్యత లెక్కల్లో పీఎం 2.5 అని పిలిచేవి 2.5 మైక్రాన్లు, అంతకంటే తక్కువ వ్యాసం గల రేణువులు. పొగ రేణువుల్లో అత్యధిక భాగం ఆ హద్దుకు కూడా చాలా దిగువన, ఒక మైక్రాన్ లోపలే ఉంటాయి. పది మైక్రాన్ల దుమ్ము రేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకు దాదాపు మూడు మిల్లీమీటర్ల వేగంతో కిందికి దిగుతుంది, అంటే కొద్ది నిమిషాల్లో నేలను చేరుతుంది. 0.3 మైక్రాన్ల పొగ రేణువు గంటకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. ఇక్కడ రేణువు సాంద్రతను నీటి సాంద్రతతో సమానంగా తీసుకుని లెక్క వేశాను. ఆ వేగంతో అది తల ఎత్తు నుంచి నేలకు చేరాలంటే నాలుగు రోజులు పైగా పడుతుంది. గదిలోని గాలి అంతసేపు ఎక్కడా నిశ్చలంగా ఉండదు కాబట్టి అది తనంతట తాను దిగదనే చెప్పాలి. తలుపు కింది సందులోంచి, కిటికీ రెక్కల మధ్యలోంచి గాలి ఎటు పోతే అదీ అటే పోతుంది. దుమ్ము మీద మనకున్న అనుభవాన్ని పొగకు వర్తింపజేయడం వల్లనే, కాసేపటికి అణిగిపోతుందిలే అన్న భ్రమ కలుగుతోంది.

చిన్నదైన కొద్దీ ఇంకో సంగతి తోడవుతుంది. పది మైక్రాన్ల రేణువు ఒకదాన్ని 0.1 మైక్రాన్ల రేణువులుగా విడగొడితే అదే బరువుకు పది లక్షల రేణువులు వస్తాయి, వాటి మొత్తం ఉపరితలం మొదటిదానికి 100 రెట్లు అవుతుంది. పొగలోని విషపదార్థాలు ఎక్కువగా ఆ ఉపరితలానికే అంటుకుని ప్రయాణిస్తాయి. బరువులో లెక్కకు రానంత చిన్న రేణువులు ఇంత సరుకును మోయగలవు.

మన ముక్కు, గొంతు, శ్వాసనాళాలు దుమ్మును అడ్డుకోవడంలో నిజంగా సమర్థమైనవి. పది మైక్రాన్లకు పైబడినవి చాలావరకు ముక్కులోనే ఆగిపోతాయి. అంతకంటే చిన్నవి శ్వాసనాళాల మలుపుల దగ్గర గోడలను తాకి, అక్కడి జిగట పొరకు అంటుకుంటాయి. ఆ పొరను సన్నని నూగు వంటి శైలికలు ఎప్పటికప్పుడు గొంతువైపు నెడుతూ ఉంటాయి కాబట్టి అక్కడ చిక్కినవి ఒకటి రెండు రోజుల్లో బయటికి పోతాయి. పొగ రేణువులు మాత్రం మలుపుల దగ్గర గాలితోపాటే తిరిగిపోయి, చిట్టచివరి గాలితిత్తుల దాకా చేరుకుంటాయి. అక్కడ శైలికలు లేవు. రక్తానికీ గాలికీ మధ్య ఒక మైక్రాన్ మందం కూడా లేని పొర మాత్రమే ఉంది. ఆ ప్రాంతాన్ని శుభ్రం చేయవలసిన భారమంతా మాక్రోఫేజ్ అనే రక్షక కణాల మీద పడుతుంది. అవి రేణువులను మింగుతాయి గాని, మసిని జీర్ణం చేసుకోలేవు. అలా లోతుగా చేరిన రేణువుల్లో కొన్ని నెలల తరబడి, కొన్ని ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి.

0.3 మైక్రాన్ల పరిసరాల్లో ఉన్న రేణువులు శరీరంలో అతి తక్కువగా చిక్కుకుంటాయనీ, చాలావరకు ఊపిరితోపాటు తిరిగి బయటికి వచ్చేస్తాయనీ చెప్పి కొందరు ధైర్యం చెబుతుంటారు. ఆ మాట నిజమే. ఆ రేణువులు గోడలను ఢీకొట్టేంత బరువైనవి కావు, అటూ ఇటూ చెదిరిపోయి అంటుకునేంత తేలికైనవీ కావు. కాని మనిషి రోజుకు పీల్చే గాలి పదివేల లీటర్లకు పైనే. పీల్చినదాంట్లో కొద్ది భాగమే నిలిచిపోయినా అది ప్రతి రోజూ నిలిచిపోతూనే ఉంటుంది. పైగా 0.1 మైక్రాన్ కంటే చిన్నవైన అతిసూక్ష్మ రేణువులు ఆ సడలింపుకు లోబడవు; అవి గాలి అణువుల తాకిడికి అన్ని దిక్కులకూ చెదురుతూ గాలితిత్తుల గోడలకే ఎక్కువగా అంటుకుంటాయి.

లోపల చేరిన రేణువులను తొలగించలేక రక్షక కణాలు రసాయన సంకేతాలు విడుదల చేస్తాయి, దానితో వాపు మొదలవుతుంది. ఈ వాపు ఊపిరితిత్తుల్లోనే ఆగితే పొగ కేవలం దగ్గు, ఆయాసాల సమస్యగా మిగిలిపోయేది. కాని ఆ సంకేతాలు రక్తంలోకి ప్రవేశించి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. అతిసూక్ష్మ రేణువుల్లో కొద్దిభాగం నేరుగా రక్తంలోకే దాటుతుంది. గుండె లయను నడిపే నాడుల సమతూకం కూడా చెదురుతుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లో వెలువరించిన ప్రకటనలో, పీఎం 2.5ను కొన్ని గంటల నుంచి కొన్ని వారాల పాటు పీల్చినా గుండెజబ్బుతో మరణించే ప్రమాదం ఉందని స్పష్టంగా చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ఆరుబయటి వాయుకాలుష్యం వల్ల సంభవించిన అకాల మరణాల్లో సుమారు 68 శాతం గుండెపోటు వంటి గుండెజబ్బులవల్ల, పక్షవాతంవల్ల కలిగినవే. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఈ అంకె. పొగ చంపేవారిలో ఎక్కువమంది దగ్గుతూ చనిపోరు, అందుచేత వారి మరణానికీ పొగకూ ఉన్న సంబంధం ఇంట్లోవారికి తట్టదు.

ఇంకా రేణువు మోసుకొచ్చే సరుకు సంగతి ఉంది. 1775లో పెర్సివల్ పాట్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు, చిన్నతనంలో పొగగొట్టాలు దులిపే పనిచేసినవారిలో వృషణకోశపు చర్మానికి క్యాన్సర్ రావడాన్ని గమనించి, దానికి మసే కారణమని రాశాడు. ఒక వృత్తికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని గుర్తించిన తొలి పరిశీలనగా వైద్యచరిత్ర దాన్ని చెప్పుకుంటుంది. ఆ మసిలో ఉన్నదేమిటో తెలియడానికి మరో శతాబ్దంన్నర పట్టింది; 1930లలో బొగ్గు తారు నుంచి బెంజోపైరీన్‌ను వేరుచేసి, అది క్యాన్సర్‌ను కలిగిస్తుందని తేల్చారు. పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే పెద్ద కుటుంబంలో అది ఒకటి. కార్బన్ ఉన్న ఏ పదార్థం అసంపూర్తిగా కాలినా ఈ కుటుంబం పుడుతుంది. అది కట్టె కావచ్చు, బొగ్గు కావచ్చు, డీజిల్ కావచ్చు, పొగాకు కావచ్చు.

నా వాదన అసలు ఘట్టం ఇక్కడే ఉంది. ప్రకృతిసిద్ధమైన వాటిని కాల్చితే వచ్చే పొగ సహజమైనది, కనుక హానిలేనిది అన్న నమ్మకం చాలా గట్టిది. చదువుకున్నవారిలో కూడా అది చెక్కుచెదరకుండా ఉంది. కట్టె పొగలో బెంజీన్ ఉంది, ఫార్మాల్డిహైడ్ ఉంది, కళ్లను మండించే ఆక్రోలీన్ ఉంది, పైన చెప్పిన హైడ్రోకార్బన్లు ఉన్నాయి. ఇవన్నీ ఏ కర్మాగారమూ కలపకుండానే చెట్టులోని సెల్యులోజ్, లిగ్నిన్ విరిగినప్పుడు పుట్టేవే. ఇళ్లలో బొగ్గు కాల్చడంవల్ల వెలువడే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిస్సందేహంగా క్యాన్సర్ కారకాలైన మొదటి వర్గంలో చేర్చింది. ఇళ్లలో కాల్చే కట్టె వంటి జీవ ఇంధనాల పొగను క్యాన్సర్‌ను కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటి వర్గంలో పెట్టింది. 2013లో గాలిలోని కాలుష్య రేణువులను మొత్తంగానే, మూలంతో పని లేకుండా, మొదటి వర్గంలో చేర్చింది.

మనిషి లక్షల ఏళ్లుగా నిప్పుతో బతుకుతున్నాడు గదా, పొగకు అలవాటుపడి ఉంటాడు గదా అని అడిగేవారు ఉంటారు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. అయితే నిప్పుతో బతకడం వేరు, దాని పొగవల్ల చెడకుండా ఉండటం వేరు. ఆల్ప్స్ పర్వతాల మంచులో 1991లో దొరికిన, ఐదువేల ఏళ్లు దాటిన ఓట్జీ అనే మనిషి దేహంలో ఊపిరితిత్తులు మసితో నల్లబడి ఉన్నాయి. ప్రాచీన ఈజిప్టు మమ్మీల ఊపిరితిత్తుల్లోనూ అదే మసి కనిపించింది. పొగవల్ల కలిగే జబ్బుల్లో చాలావాటికి దశాబ్దాలు పడుతుంది, పిల్లల్ని కని పెంచిన తర్వాత వచ్చే జబ్బును పరిణామక్రమం పెద్దగా పట్టించుకోదు. సగటు ఆయుర్దాయం తక్కువగా ఉన్న కాలంలో ఆ నష్టం బయటపడే అవకాశమే తక్కువ. మన పూర్వీకులు పొగను తట్టుకున్నారనడానికి అవి సాక్ష్యాలు కావు.

కట్టె పొగకూ ప్లాస్టిక్ పొగకూ తేడా లేదని నేను అనడం లేదు. తేడా ఉంది, అది పెద్దది. పీవీసీ ప్లాస్టిక్ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, తేమ తగలగానే అది ఆమ్లమవుతుంది. పరుపుల్లో, సోఫాల్లో ఉండే పాలీయురేతేన్ నురగ కాలితే హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. అగ్నిప్రమాదాల్లో మంట తాకకముందే మనుషులు స్పృహ కోల్పోవడానికి కార్బన్ మోనాక్సైడ్‌తోపాటు ఇదీ ఒక కారణం. అలాంటి ప్రమాదాల్లో కాలిన గాయాలకంటే పొగ పీల్చడంవల్ల చనిపోయేవారే ఎక్కువ. క్లోరిన్ ఉన్న పదార్థాలు తక్కువ వేడిలో కాలినప్పుడు డయాక్సిన్లు అనే విషపదార్థాలు ఏర్పడతాయి. అవి కొవ్వులో కరిగి ఏళ్ల తరబడి శరీరంలో నిలుస్తాయి. వీటిని విచ్ఛిన్నం చేయడానికే ఐరోపా సమాఖ్య చట్టాలు చెత్తను దహనం చేసే కర్మాగారాల్లో వాయువులు కనీసం 850 డిగ్రీల సెల్సియస్ వేడిలో రెండు సెకన్లపాటు ఉండాలని విధించాయి. పెరట్లో వేసే చెత్తమంటలో ఆ వేడిగాని, ఆ వ్యవధిగాని ఊహకు కూడా అందనివి. చెదలు పట్టకుండా ఆర్సెనిక్ ఎక్కించిన కలపను కాలిస్తే ఆర్సెనిక్ పొగలోకీ బూడిదలోకీ చేరుతుంది. 2018 నవంబరులో కాలిఫోర్నియాలో ప్యారడైజ్ పట్టణాన్ని, 18,000కు పైగా కట్టడాలను దహించిన, క్యాంప్ ఫైర్ అని పేరుపడిన కార్చిచ్చు పొగలో సీసం, జింకు వంటి లోహాలు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించాయి. పాత రంగులు, తీగలు, గొట్టాలు అన్నీ ఆ పొగలో ఉన్నాయి. కాబట్టి ఏం కాలిందన్నది ముఖ్యమే. అది ఒక్కటే ముఖ్యం కాదనేదే నా మాట.

రెండో ప్రశ్న దూరానికి సంబంధించినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో పనిచేసిన కిర్క్ స్మిత్ తన జీవితకాలమంతా వంటింటి పొగను అధ్యయనం చేశారు. ఆరుబయట వదిలిన కాలుష్యం కంటే గది లోపల వదిలిన కాలుష్యం ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోకి చేరే అవకాశం సుమారు వెయ్యి రెట్లు ఎక్కువని ఆయన ఒక సూత్రంగా చెప్పేవారు. ఎంత పొగ పుట్టిందన్నదానికంటే అందులో ఎంత భాగం మనిషి పీల్చాడన్నదాన్ని లెక్కించాలని ఆయన నేర్పారు. ఈ దృష్టితో చూస్తే ఊరి చివరి పొగగొట్టం మీద మనకున్న కోపంలో కొంతైనా మన గది మూలన రగిలే చిన్న నిప్పు మీద చూపాలి. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఒక్క దోమల కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత పీఎం 2.5 వెలువడుతుందని తేల్చింది. మూసిన గదిలో, పడుకున్న మనిషి తలకు దగ్గరలో, రాత్రంతా. ఆ పొగ కంటికి సన్నని గీతలాగే కనిపిస్తుంది.

ఇళ్లలో కాల్చే ఇంధనాల పొగవల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 2,37,000 మందికి పైగా ఐదేళ్లలోపు పిల్లలు. పసిపిల్లలు తమ బరువుతో పోల్చితే పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, వారి గాలితిత్తులు ఇంకా ఏర్పడుతూనే ఉంటాయి. గర్భిణులు పీల్చిన పొగకూ, తక్కువ బరువుతో లేదా నెలలు నిండకుండా పుట్టే పిల్లలకూ సంబంధం ఉందని అనేక అధ్యయనాలు చూపాయి. ఉబ్బసం ఉన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు, వయసు మళ్లినవారు వీరితోపాటు ముందువరుసలో ఉన్నారు. వృత్తిరీత్యా పొగలోకి వెళ్లేవారి సంగతి వేరే చెప్పాలి: అగ్నిమాపక సిబ్బంది చేసే పనినే, ఆ పనిలో ఎదురయ్యే మొత్తం పరిస్థితిని, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

మూడో ప్రశ్న మోతాదుకు సంబంధించినది, ఇక్కడ విషయం మనం ఆశించినంత సూటిగా లేదు. పొగను సగానికి తగ్గిస్తే జబ్బులు సగానికి తగ్గాలని తోస్తుంది. గ్వాటెమాలాలో పొగగొట్టం ఉన్న పొయ్యిలు ఇచ్చి చేసిన రెస్పైర్ పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. పిల్లలు పీల్చే పొగ దాదాపు సగానికి తగ్గింది; తీవ్రమైన న్యుమోనియా తగ్గినట్టు కనిపించింది గాని, మొత్తం న్యుమోనియా కేసుల్లో నిర్ధారణగా చెప్పగల తగ్గుదల రాలేదు. ఆ తర్వాత భారత్, గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో మూడువేలకు పైగా గర్భిణుల కుటుంబాలతో జరిగిన హాపిన్ పరీక్షలో సగం మందికి గ్యాసు పొయ్యి, గ్యాసు ఉచితంగా ఇచ్చారు. గర్భిణులు పీల్చే పీఎం 2.5 ఘనపు మీటరుకు సుమారు 70 మైక్రోగ్రాముల నుంచి 24కు దిగింది. అయినా పుట్టిన పిల్లల బరువులోగాని, ఏడాదిలోపు న్యుమోనియాలోగాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ ఫలితాలను చూపించి, అయితే పొగను తగ్గించడంవల్ల లాభం లేదన్నమాట అని తేల్చేవారితో నేను ఏకీభవించలేను. గుండెజబ్బుల మరణాల మీద జరిగిన పరిశోధనలు చూపిన మోతాదు రేఖ వంపు తిరిగినది: తక్కువ స్థాయిల దగ్గర నిటారుగా లేస్తుంది, ఎక్కువ స్థాయిల దగ్గర చదునవుతుంది. అంటే గాలి ఎంత శుభ్రంగా ఉంటే అందులో కలిసే ప్రతి మైక్రోగ్రామూ అంత ఎక్కువ నష్టం చేస్తుంది. దీన్ని తిరగేసి చూస్తే, బాగా పొగచూరిన చోట సగం తగ్గింపు చిన్న మేలునే ఇస్తుంది, అసలు మేలు ఆ తర్వాతి సగంలో ఉంటుంది. హాపిన్‌లో చేరుకున్న 24 కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రస్తుత ప్రమాణానికి దాదాపు ఐదు రెట్లు. ఆ సంస్థ 2021లో పీఎం 2.5 వార్షిక సగటును ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాముల నుంచి 5కు తగ్గించింది, ఒక రోజు సగటును 25 నుంచి 15కు తగ్గించింది. నా దృష్టిలో ఆ పరీక్షలు చెప్పేది, సగం పనికి పూర్తి ఫలితం రాదనే. ఒక ఇల్లు మాత్రమే మారి చుట్టుపక్కల నిప్పులన్నీ అలాగే రగులుతుంటే ఆ ఇంటి గాలి శుభ్రపడదు. తక్కువ స్థాయిల దగ్గర కూడా నష్టం ఉంటుందని 1993లో వెలువడిన ఆరు అమెరికన్ నగరాల అధ్యయనం అప్పటికే చూపింది. ఎనిమిదివేలకు పైగా పెద్దలను పదిహేనేళ్ల పరిసరాల్లో గమనించి, అతి కలుషితమైన నగరంలో మరణాల రేటు అతి శుభ్రమైన నగరంకంటే 26 శాతం ఎక్కువగా ఉందని తేల్చారు. 

పొగ కంటికి కనిపించిన సందర్భాల్లో కూడా లెక్క తప్పడం మనకు అలవాటే. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మేసిన బొగ్గుపొగ, మంచు కలిసిన దుప్పటివల్ల సుమారు 4,000 మంది చనిపోయారని మొదట లెక్కగట్టారు. పొగ విడిచిన తర్వాత కూడా రెండు మూడు నెలలపాటు మరణాలు మామూలుకంటే ఎక్కువగానే ఉన్నాయి. వాటిని అప్పట్లో ఇన్‌ఫ్లుయెంజా ఖాతాలో వేశారు. తర్వాతి పరిశోధకులు ఆ లెక్కను సరిచూసి మొత్తం దాదాపు 12,000 ఉంటుందని తేల్చారు. పొగ పోయిన రోజుతో దాని పని ముగిసిపోదు.

ఈ కాలపు పెద్ద పొగలు అడవుల నుంచి వస్తున్నాయి. 2023 జూన్‌లో కెనడా అడవులు తగలబడితే వందల కిలోమీటర్ల అవతల న్యూయార్క్ ఆకాశం నారింజ రంగుకు మారింది. దక్షిణ కాలిఫోర్నియా ఆసుపత్రుల లెక్కలతో 2021లో వెలువడిన అధ్యయనం, అంతే మోతాదులో ఉన్న ఇతర పీఎం 2.5తో పోల్చితే అడవి మంటల నుంచి వచ్చిన పీఎం 2.5 శ్వాసకోశ వ్యాధుల చేరికలను ఎక్కువగా, కొన్ని లెక్కల్లో పదిరెట్ల దాకా ఎక్కువగా పెంచిందని చెప్పింది. పూర్తిగా ప్రకృతిసిద్ధమైన ఇంధనమంటే అడవికంటే వేరే ఏముంటుంది? దూరం వచ్చిన పొగ పలచబడుతుంది, నిజమే. కాని ఎండకూ ఓజోన్‌కూ లోనై దారిలో ఆక్సీకరణ చెందుతుంది, అలా ముదిరిన రేణువులు కణజాలాన్ని మరింతగా రేపగలవని ప్రయోగశాలల్లో కనిపించింది.

ఇక చేయగలిగిన వాటి గురించి. పొగ తగిలినప్పుడు తడిగుడ్డ ముఖానికి కట్టుకోమనే సలహా తరతరాలుగా వస్తోంది. బూడిదనూ పెద్ద రేణువులనూ అది కొంత ఆపుతుంది, గొంతుకు చల్లగా ఉంటుంది, అంతవరకే. ఒక మైక్రాన్ లోపలి రేణువులు నేత సందుల్లోంచి, గుడ్డ అంచుల పక్కనుంచి నిరాటంకంగా పోతాయి. ఎన్95 మాస్కు పనిచేస్తుంది, ఎందుకంటే దాన్ని పరీక్షించేదే అతి కష్టంగా చిక్కే 0.3 మైక్రాన్ల రేణువుల మీద. వాటిలో కనీసం 95 శాతాన్ని అది ఆపాలి. అయితే అది ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలి, గడ్డం ఉంటే అతుక్కోదు, వాయువులను అది ఏమాత్రం ఆపదు. కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. కాబట్టి మాస్కు పెట్టుకుని కాలుతున్న ఇంట్లోకి వెళ్లడం ప్రాణాంతకం. బయట పొగ కమ్మినప్పుడు కిటికీలు మూసి, ఒక గదిలో సన్నని రేణువులను పట్టే హెపా వడపోత ఉన్న యంత్రం నడిపితే ఆ గది గాలి గణనీయంగా శుభ్రపడుతుంది. ఓజోన్ వదిలే యంత్రాలను మాత్రం కొనకూడదు, ఓజోన్ కూడా ఊపిరితిత్తులను గాయపరిచేదే.

ఇవన్నీ రెండో వరుస రక్షణలు. మొదటిది కాల్చకపోవడమే. ఆకులను, కొమ్మలను, చెత్తను వదిలించుకోవడానికి నిప్పు పెట్టే పద్ధతికి నేను ఏ మినహాయింపూ ఇవ్వను, ఎందుకంటే అక్కడ నిప్పువల్ల ఒనగూడే ప్రయోజనం ఒక్కటే, సౌకర్యం. దాని ఖర్చును మోసేది మాత్రం గాలివాలున ఉన్న ఎవరో. వేడి కోసమో వంట కోసమో నిప్పు తప్పనిసరి అయినవారిని నిందించే హక్కు ఎవరికీ లేదు; వారికి శుభ్రమైన ఇంధనాన్ని అందించడం ప్రభుత్వాల బాధ్యత. అది అందేలోపు ఎండిన కట్టెను మాత్రమే వాడటం, గాలి బాగా ఆడేలా సన్నగా చీల్చి పేర్చడం, నిప్పు కుమ్ముగా రగలనివ్వకపోవడం, పొగ బయటికి పోయే దారి ఏర్పరచడం, పసిపిల్లలనూ గర్భిణులనూ ఆ గదికి దూరంగా ఉంచడం కొంత మేలు చేస్తాయి.

ప్రమాణాల విషయంలోనూ ఒక కోరిక ఉంది. మనం పీల్చే గాలికి పెట్టిన ఈనాటి ప్రమాణాలు ప్రధానంగా రేణువుల బరువును కొలుస్తాయి. అతిసూక్ష్మ రేణువులు సంఖ్యలో అపారం, బరువులో స్వల్పం, కాబట్టి అవి ఆ లెక్కలోంచి జారిపోతాయి. 2021 మార్గదర్శకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటికి ఖచ్చితమైన హద్దు పెట్టలేదు. ఘనపు సెంటీమీటరుకు రోజు సగటున 1,000 రేణువుల లోపు ఉంటే తక్కువ అనీ, 10,000 దాటితే ఎక్కువ అనీ ఒక సూచన మాత్రం చేసింది, కొలిచే కేంద్రాలను పెంచమని కోరింది. కంటికొలతను వదిలి త్రాసు దాకా రావడానికి మనకు రెండు శతాబ్దాలు పట్టింది. ఇప్పుడున్న గాలి నాణ్యత కేంద్రాల్లో కొన్నింటిలోనైనా రేణువులను సంఖ్యలో లెక్కించే పరికరాలను పెట్టడం ఆ తర్వాతి పని, దానికి కావలసిన పరికరాలు ఈపాటికే ప్రయోగశాలల్లో రోజూ పనిచేస్తున్నాయి.